నూనె బావ కొసరు

నేను రోడ్డు రోలరు నడుపుతాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. మనిషి నడకకన్నా నిదానంగా పోయే బండి మీద బతికేవాడికి రెండు అలవాట్లు వస్తాయి. ఒకటి, చుట్టూ ఎవరేం చేస్తున్నారో తీరిగ్గా చూడటం. రెండోది, చూసినదాని మీద చిరాకు పడటం. నా చిరాకు గురించి వివరాలు కావాలంటే మా ఆవిడని అడగండి, ఆపకుండా చెబుతుంది. ఈ కథ మాత్రం నాది కాదు, మా అక్క మొగుడిది. మా తారు ప్లాంటులో ఆయన్ని అందరూ నూనె బావ అంటారు. న్యాయంగా ఆయన నాకొక్కడికే బావ. నేను పిలుస్తుంటే విని లారీ డ్రైవర్ల దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరూ అదే పిలుపు పట్టుకున్నారు. ఆయనకి దాని మీద ఏ అభ్యంతరమూ లేదు. నాకే కొంచెం ఉంది.

బావకి ఒకప్పుడు నూనె కొట్టు ఉండేది. బజారు మూల మీద రెండు తలుపుల కొట్టు. లోపల నాలుగు పెద్ద డ్రమ్ములు, వాటికి రేకు మూతలు, గోడకి వరసగా వేలాడే కొలత డబ్బాలు. నేల ఎంత జిడ్డుగా ఉండేదంటే, కొత్తగా వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఒకసారి జారి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుని, అప్పుడు బేరం మొదలుపెట్టేవాళ్లు. అప్పట్లో జనం సీసాలూ క్యాన్లూ ఇంటి నుంచే తెచ్చుకునేవాళ్లు. బావ డబ్బాని డ్రమ్ములో ముంచి, నిండా ఎత్తి, గరాటులో పోసి, చివరి బొట్టు జారేదాకా బోర్లించి పట్టుకునేవాడు. ఎవరికైనా కొలత అక్కడితో అయిపోతుంది. బావకి అవదు. డబ్బా కింద పెట్టి, డ్రమ్ము అంచుకి తగిలించిన గరిటె అందుకుని, నిండా ఒక గరిటె ముంచి సీసాలో కొసరు పోసేవాడు. అడిగినవాళ్లకీ పోసేవాడు, అడగనివాళ్లకీ పోసేవాడు, వద్దన్నవాళ్లకీ పోసేవాడు. మా అమ్మ లీటరు నూనెకి లీటరున్నర సీసా పంపేది. "ఆ అబ్బాయి చేతికి ఎముక లేదు" అని మురిసిపోయేది. తర్వాత ఆ అబ్బాయికే మా అక్కనిచ్చి చేసింది. చేశాక మాత్రం మురవడం మానేసింది, ఎందుకంటే ఇప్పుడా నూనె కూతురిది.

అక్క కొట్టులో కూర్చోవడం మొదలుపెట్టాక సంగతి మారింది. అక్క కోపిష్టి కాదు, గట్టి మనిషి. బావ చెయ్యి గరిటె వైపు వెళ్లగానే తను చేస్తున్న పని ఆపకుండానే ఆయన మణికట్టు పట్టుకునేది.

"చాలు" అనేది.

అంతే. చెయ్యి ఆగిపోయేది. బావ ముఖం చిన్నబుచ్చుకోవడం, కొనేవాళ్ల ముఖం ఇంకా చిన్నబుచ్చుకోవడం, అక్క మళ్లీ తన పనిలో పడటం. జనం కూడా తెలివి మీరిపోయారు. అక్క లోపలికి వెళ్లేదాకా వీధి అవతల నిలబడి, ఆవిడ కొంగు కనుమరుగు కాగానే సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఇది అక్కకి తెలుసు. తెలిసే రోజుకి రెండుసార్లు పని కల్పించుకుని లోపలికి వెళ్లేదని నా అనుమానం. అడిగితే నన్ను కసిరింది కానీ కాదని మాత్రం అనలేదు.

తర్వాత నూనె పాకెట్లలోకి వెళ్లిపోయింది. సీలు వేసిన పాకెట్టులో ఒక బొట్టు ఎక్కువుండదు, తక్కువుండదు. సీసాలు తెచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు, కొట్టు మూతపడింది. బావ రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లని చూస్తుండేవాడు. ఎవరైనా "బాగున్నారా" అంటే "బాగున్నాం" అనేవాడు. మొదటినుంచీ నోట్లో నాలుక లేని మనిషి. ఆ రెండేళ్లలో ఉన్న ఆ కాస్త మాట కూడా తగ్గింది. అక్క ఆయన ముందు ఏమీ అనేది కాదు. నా దగ్గర మాత్రం ఒకసారి, "ఆ చేతులు చూడలేకపోతున్నానురా" అంది. ఏదో పని ఉన్నట్టు లేచి వచ్చేశాను.

వాడేసిన నూనె పని ఎలా మొదలైందంటే, ఒకరోజు బావ ఆస్పత్రి క్యాంటీన్ వెనకనుంచి వస్తుంటే వంటమనిషి పెద్ద మూకుడు తెచ్చి, కాగి కాగి నల్లబడ్డ నూనెని కాలవలో బోర్లించాడట. బావ అక్కడే నిలబడిపోయాడు. నూనె అలా కాలవలో పోవడం ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మర్నాడు క్యాను పట్టుకుని వెళ్లి, ఆ నూనె తనకిమ్మని అడిగాడు. వంటమనిషి పీడ విరగడైందని సంతోషంగా ఇచ్చాడు. నెల తిరిగేసరికి ఊళ్లో సగం క్యాంటీన్ల నూనె మా అక్క పెరట్లో ఉంది. ఇంటికి వెళితే వీధి మొదట్లోనే పాత వేపుళ్ల వాసన కొట్టేది. బావ దాన్ని గుడ్డలో వడకట్టి, మడ్డి దిగేదాకా రోజుల తరబడి కదపకుండా ఉంచి, తేట నూనె సబ్బులు చేసేవాళ్లకి ఇచ్చేవాడు. అక్క ముక్కు మీద కొంగు పెట్టుకుని వంట చేసుకునేది. అయినా వద్దనలేదు. ఆయన చేతులు మళ్లీ జిడ్డుగా కనిపిస్తున్నాయి కదా.

సరిగ్గా అప్పుడే మా ప్లాంటులో నూనె అవసరం పడింది. పాత రోడ్లని మేం యంత్రంతో గీరి తీస్తాం. ఆ ముక్కలు ప్లాంటు వెనక గుట్టలుగా పడి ఉంటాయి. కంకర బాగానే ఉంటుంది కానీ, దాన్ని పట్టుకున్న తారు ఏళ్ల తరబడి ఎండకీ గాలికీ బిగుసుకుపోయి, విరిస్తే పుటుక్కున విరిగేలా తయారవుతుంది. దాన్ని అలాగే వేడిచేసి మళ్లీ పరిస్తే నాలుగు నెలలకి బీటలే. మా ల్యాబులో ఒక అమ్మాయి ఉంది. ఇంజినీరింగు చదువుకుంది, మనిషి పీలగా ఉంటుంది, పట్టుదల మాత్రం నా రోలరంత బరువు. వాడేసిన వంటనూనె తగుపాళ్లలో కలిపితే పాత తారు మళ్లీ మెత్తబడి, పట్టు తెచ్చుకుంటుందని ఏడాదిగా ప్రయోగాలు చేస్తోంది. తెచ్చిన నూనె తెచ్చినట్టు ఉండకపోవడమే ఆమె బాధ. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో మాడిన పిండి, ఒకటి జిగురు. "మా బావని పిలుచుకొస్తాను, ఒకసారి మాట్లాడు" అన్నాను. నా జన్మలో చేసిన మంచి పనులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదొకటి.

ఆ అమ్మాయి మూడు సీసాలు బల్ల మీద పెట్టింది. బావ మూతలు తీసి వాసన చూశాడు, వేళ్ల మధ్య రాసి చూశాడు.

"ఇది చేపలు వేయించిందమ్మా. పాపం, మరీ పీల్చి పిప్పి చేశారు, దీంట్లో ఇంకేం లేదు. ఇది బంగాళదుంపలు, రెండు మూడు వాయిలు వేసి తీసేశారు, మంచి నూనె. దీంట్లో నీళ్లున్నాయి."

"నీళ్లున్నాయని ఎలా చెప్పగలరు బాబాయ్ గారూ? పైకేం కనపడట్లేదుగా" అంది.

బావ అక్కడున్న ఇనప పలకని వేడిచేయించి, మూడో సీసాలోంచి ఒక బొట్టు వేశాడు. చిటపటమంది. రెండో సీసా బొట్టు చప్పుడు లేకుండా పాకింది. ల్యాబమ్మాయి నా వైపు చూసి, "ఈయన్ని ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు?" అంది. బావ సిగ్గుపడి నవ్వాడు. ఆ నవ్వు చూసి రెండేళ్లు పైనే అయింది. ఆ సాయంత్రం అక్కకి చెబితే రెండుసార్లు చెప్పించుకుంది.

ప్లాంటు మూల రేకుల షెడ్డులో బావకి డ్రమ్ములు పెట్టించారు. వడకట్టడం, తేర్చడం, గోరువెచ్చగా కాచి తేమ పోగొట్టడం, పలక మీద బొట్టు వేసి చప్పుడు వినడం ఆయన పని. మేం బ్యాచ్ అనేదాన్ని ఆయన వాయి అనేవాడు. పది రోజుల్లో ప్లాంటంతా వాయి అనడం మొదలుపెట్టింది. ఆఖరికి మా మేనేజరు కూడా ఒకరోజు ఫోనులో పైవాళ్లతో "మూడు వాయిలయ్యాయి సార్" అని నాలుక కరుచుకున్నాడు.

ఆ మేనేజరు చెడ్డవాడు కాదు, భయస్థుడు. ప్రయోగానికి ఆస్పత్రి వెనక వీధిలో నూట యాభై మీటర్ల రోడ్డు ఇచ్చి, ఒక మాట గట్టిగా చెప్పాడు. "ఒక్క ఎండాకాలం చూద్దాం. రోడ్డు నిలబడితే నూనె పద్ధతి ఉంటుంది, షెడ్డుంటుంది, మీ బావ ఉంటాడు. లేదంటే మళ్లీ కొత్త తారే. షెడ్డు తీసేస్తాను, ల్యాబమ్మాయిని గేటు దగ్గర లారీల బరువు రాసుకోమంటాను." బావ ఆ మాట విని ఇంటికెళ్లి అన్నం సరిగ్గా తినలేదట. మళ్లీ గుమ్మంలో కుర్చీ వేసుకోవాల్సి వస్తుందేమోనని ఆయన భయం. అది నోరు విడిచి చెప్పలేదు కానీ, మాకు తెలియదా?

రోడ్డు వేసిన రోజు చిన్న మిక్సరుని వీధి చివరికే తెచ్చి నిలబెట్టారు. నూనెకి పంపు ఇంకా కొనలేదు, చేత్తో పొయ్యాల్సిందే. వాయికి రెండు లీటర్లు అని ల్యాబమ్మాయి లెక్క కట్టి, రెండు లీటర్ల డబ్బా ఒకటి బావ చేతికిచ్చింది. బావ మిక్సరు పక్కన మెట్టు మీద నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, పక్కన తేట నూనె డ్రమ్ము, డ్రమ్ము అంచుకి గరిటె. ఆ గరిటె పాత కొట్టుదే. నురుగొస్తే తీయడానికని తెచ్చుకున్నానన్నాడు. కొట్టు మూతపడ్డాక ఆయన్ని అంత ఠీవిగా చూడటం అదే మొదలు. వేడి మిశ్రమం రోడ్డు మీద పడగానే వీధంతా వేపుడు వాసన కమ్మేసింది. ఆస్పత్రి కిటికీల్లోంచి రోగులు తొంగి చూశారు. రెండు కుక్కలు నా రోలరు వెనకే, దాని వేగంతోనే, ఎంతో ఆశగా నడిచాయి. ఒక ముసలాయన గోడ మీంచి, "ఏం వేయిస్తున్నారు బాబూ?" అని అడిగాడు. "రోడ్డు" అన్నాను. ఆయనకి కోపమొచ్చింది.

పొద్దుటి పూట ఆస్పత్రి గేటు నుంచి కరెంటు స్తంభం దాకా సగం రోడ్డు అయింది. ఇప్పుడొక నిజం చెప్పాలి. ఆ సగం తొక్కుతున్నప్పుడే నాకు తేడా తెలిసింది. మంచి మిశ్రమం రోలరు కింద అణిగి కూర్చుంటుంది. ఇది చక్రం ముందు మెత్తగా ముడతపడి జరుగుతోంది, నీళ్లెక్కువైన పిండిలా. ఇరవై రెండేళ్లవాడిని, నాకు తెలియక కాదు. తల తిప్పి చూస్తే మెట్టు మీద బావ వెలిగిపోతున్నాడు. ఇంకా వేడిగా ఉందిలే, చల్లారితే గట్టిపడుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని ముందుకి పోయాను. ప్రతి చిన్నదానికీ ఎగిరిపడే నేను ఆ రోజు నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నం అక్క క్యారియరు తెచ్చింది. తిన్నాక వెళ్లిపోతుందనుకుంటే వెళ్లలేదు. "ఈయన ఇక్కడేం చేస్తారో చూసిపోతాను" అని మిక్సరు పక్కనే, బావ మోచేతికి ఆనుకున్నంత దగ్గరగా నిలబడింది. స్తంభం అవతల మిగిలిన సగం ఆవిడ కళ్ల ముందే అయింది. ఆ సగంలో నా చక్రం కింద మిశ్రమం బుద్ధిగా కూర్చుంది. హమ్మయ్య అనుకున్నాను, కారణం వెతకలేదు.

ఎండలు ముదిరాక పుట్టి మునిగింది. ఆస్పత్రికి వచ్చినవాళ్లు మోటారుసైకిళ్లు స్టాండు వేస్తే, గేటు వైపు సగంలో స్టాండు వేలెడంత దిగబడి బళ్లు పక్కకి ఒరిగిపోయాయి. మందుల బండి చక్రాల గాడి పడింది. ఒకావిడ చెప్పు రోడ్డుకి అంటుకుని ఊడొచ్చింది, ఆవిడ ఒంటి కాలి మీద గెంతుతూ మా అందరినీ తిట్టింది. స్తంభం అవతల సగం మాత్రం బండరాయిలా ఉంది. ల్యాబమ్మాయి రెండు సగాల్లోంచీ ముక్కలు కోసి తీసుకెళ్లి పరీక్ష చేసింది. గేటు వైపు ముక్కల్లో ఆమె చెప్పినదానికన్నా నూనె ఎక్కువుంది. "ప్రతి వాయికీ రెండు లీటర్లే కదా బాబాయ్ గారూ?" అని అడిగితే, బావ "నిండా రెండే తల్లీ, సరిగ్గా అంచుకి కొలిచి పోశాను" అన్నాడు. నిజంగా అలాగే అనుకున్నాడు. అయితే గుట్టలోని పాత తారునే తను తక్కువ అంచనా వేశానేమో అని ఆ పిల్ల తన కాగితాలన్నీ మళ్లీ మొదట్నుంచీ వేసుకుంది. కళ్లు గుంటలు పడ్డాయి. మేనేజరు, "లెక్క తప్పిందమ్మా, ఒప్పేసుకో. సోమవారం షెడ్డు తీయిస్తాను" అన్నాడు.

ఆదివారం ఆ కబురు చెప్పడానికే అక్క ఇంటికి వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్లు నములుతూ వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. అక్క కత్తిపీట ముందు ఉల్లిపాయలు తరుగుతోంది. సీసాలో నూనె అయిపోయింది, క్యానులోంచి ఒక లీటరు పొయ్యమని బావకి చెప్పింది. ఆయన డబ్బాతో కొలిచి, గరాటులో పోసి, చివరి బొట్టు దాకా బోర్లించి పట్టుకుని, డబ్బా కింద పెట్టాడు. ఇంతలో ఆస్పత్రి రోడ్డు ఊసెత్తి నన్నేదో అడుగుతున్నాడు. అడుగుతూనే చెయ్యి గరిటె అందుకుంది, క్యానులో మునిగింది, పైకి లేచింది. అక్క తలెత్తకుండానే ఎడమ చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"చాలు" అంది.

రోడ్డు వేసిన మధ్యాహ్నం మిక్సరు పక్కన ఆయన మోచేతికి ఆనుకుని నిలబడ్డ అక్క నాకు గుర్తొచ్చింది.

"బావా" అన్నాను. "రోడ్డు వేసిన రోజు కూడా కొసరు పోశావా?"

"కొసరా? రోడ్డుకి కొసరెందుకు పోస్తానురా, పిచ్చి వేషాలు" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. గాల్లో ఉన్న తన చెయ్యి వైపు, దాని చివర నిండా ఉన్న గరిటె వైపు, దాన్ని పట్టుకున్న అక్క వేళ్ల వైపు చూశాడు.

అక్క కత్తిపీట వాల్చేసింది. "మధ్యాహ్నం నేనున్నాను" అని మెల్లగా అంది. "మూడుసార్లో నాలుగుసార్లో పట్టుకున్నాను. అలవాటు కొద్దీ పట్టుకున్నాను, తర్వాత మీరే ఆగారు. పొద్దున నేను లేను."

ముందు నోరు విప్పింది నేనే, విప్పకుండా ఉండాల్సింది. "ఇది మన ముగ్గురికే తెలుసు బావా. లెక్క తప్పిందని వాళ్లే అనుకుంటున్నారు, అనుకోనీ. ఆ అమ్మాయికి చదువుంది, ఇక్కడ కాకపోతే ఇంకోచోట. నీకు ఇంకోచోటెక్కడుంది?"

బావ గరిటెలో నూనె జాగ్రత్తగా క్యానులో వొంపేశాడు. "ఆ పిల్ల లెక్క సరైనదేరా" అన్నాడు. "తప్పు నా చేతిది. నా చేతి తప్పుకి దాన్ని గేటు దగ్గర కూర్చోబెడతారా? నాకు అన్నం సయిస్తుందా?" ఆయన గొంతు పెరగడం నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ పెరగలేదు. నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

సోమవారం షెడ్డు విప్పే మనుషులు రాకముందే ముగ్గురం మేనేజరు గదిలో నిలబడ్డాం. బావ అంతా చెప్పాడు. మేనేజరు ముందు అర్థంకాక, "కొసరా? రోడ్డుకా?" అని పగలబడి నవ్వాడు, ఆ తర్వాత నవ్వినందుకు కూడా కలిపి కోప్పడ్డాడు. నేనూ చెప్పేశాను, ఆ పొద్దున నా చక్రం కిందే తెలిసిందనీ, ఊరుకున్నాననీ. అక్కడే కూర్చున్న ల్యాబమ్మాయి కళ్లు మండుతున్నాయి. మూడు వారాలు తననే తను అనుమానించుకున్న పిల్ల. లేచి బయటికి వెళ్లిపోయింది. పోయింది, ఇంకేముంది అనుకున్నాం. కాసేపటికి తూకం యంత్రం చంకన పెట్టుకుని తిరిగొచ్చి, అందరినీ షెడ్డులో డ్రమ్ముల దగ్గరికి తీసుకెళ్లింది.

"పొయ్యండి బాబాయ్ గారూ. మీ కొసరెంతో నాకు తెలియాలి."

అందరూ చూస్తుంటే బావ చెయ్యి కదల్లేదు. మూడుసార్లు డబ్బా కొలిచి అక్కడికక్కడ ఆగిపోయాడు. ఆ అమ్మాయి తెలివైనది. తూకం మీంచి చూపు తీసేసి, "మీ కొట్టులో డ్రమ్ములు ఎన్నుండేవి?" అని కబుర్లలోకి దింపింది. బావ డ్రమ్ముల గురించి, జారే గుమ్మం గురించి, మా అమ్మ లీటరున్నర సీసా గురించి చెబుతూ పోస్తున్నాడు. నాలుగోసారి గరిటె దానంతటదే లేచింది. ఐదోసారీ లేచింది. పదిసార్లు తూచింది. ఆ కొసరు ప్రతిసారీ అర లీటరుకి కాస్త తక్కువ, పది గరిటెల మధ్య తేడా చెంచాడు కూడా లేదు. "కొలిచినట్టే పోస్తారే" అంది. ఆమె కోపం అక్కడే పోయిందని నేననుకుంటాను.

మేనేజరుని ఒప్పించింది కూడా ఆ అమ్మాయే. గట్టిగా ఉన్న సగం తన లెక్క సరైనదని రుజువు చేస్తోందని, మెత్తబడ్డ సగం గీరి మళ్లీ వేద్దామని పట్టుబట్టింది. పొయ్యడానికి వేరేవాళ్లని పెట్టమన్నాడు మేనేజరు. "నూనె తెలిసిన మనిషి ఈయనొక్కరే సార్" అంది. ఆయన చాలాసేపు గొణిగి, చివరికి సరే అన్నాడు. "ఆఖరుసారి. ఆవిడ కూడా పొద్దుటినుంచే వచ్చి పక్కన నిలబడాలి" అని అక్క వైపు వేలు చూపించాడు.

మళ్లీ అదే వీధి, అదే మిక్సరు, అదే మెట్టు. బావ చొక్కా ఉతికిందే కానీ, ముఖం మాత్రం బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా ఉంది. ల్యాబమ్మాయి కొత్త డబ్బా ఒకటి తెచ్చి చేతికిచ్చింది. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటమ్మా, కురచగా ఉంది?"

"పాతదే బాబాయ్ గారూ, కోయించాను. రెండు లీటర్లలోంచి మీ కొసరు తీసేసి కొలత పెట్టించాను. మీరు ఎప్పటిలా పొయ్యండి, సరిపోతుంది."

బావ డబ్బా అంచు బొటనవేలితో తడిమి చూశాడు. కోసినచోట గరుకు లేకుండా నున్నగా అరగదీయించింది ఆ పిల్ల. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి, పొగ వల్ల అన్నట్టు భుజంతో తుడుచుకున్నాడు. రోలరు మీద నా కళ్లూ అలాగే ఉన్నాయి. నా దగ్గర పొగ కూడా లేదు.

మొదటి వాయి మిక్సరులో పడింది. బావ డబ్బా ముంచి, నిండా ఎత్తి, పోసి, చివరి బొట్టు దాకా బోర్లించి పట్టుకుని, కింద పెట్టాడు. అక్కడ ఆగిపోయాడు. గరిటె డ్రమ్ము అంచుకే వేలాడుతోంది. మిక్సరు తిరుగుతోంది, మిశ్రమం వేడి తగ్గుతోంది, మనుషులు పారలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"పొయ్యండి బాబాయ్ గారూ" అంది ల్యాబమ్మాయి.

"వద్దు తల్లీ" అన్నాడు బావ. "నీ రోడ్డు పాడుచేసిన చెయ్యి ఇది. నువ్వే పొయ్యి."

చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకున్నాడు. గుమ్మంలో కుర్చీ మీద కూర్చున్న ఆ రెండేళ్లూ నా కళ్ల ముందుకొచ్చాయి. ల్యాబమ్మాయి గరిటె వైపు వెళ్లలేదు, నా వైపు చూసింది. నేనేం చెయ్యగలను, రోలరు మీద?

అక్క క్యారియరు నేల మీద పెట్టి మెట్టెక్కింది. ఆయన వెనక నుంచి కుడిచెయ్యి ముందుకి లాగింది. ఇరవై ఆరేళ్లుగా పట్టుకున్నచోటే మణికట్టు పట్టుకుంది. పట్టుకుని, గరిటె వైపు నెట్టింది.

"వెయ్యండి" అంది.

"ఏంటే?"

"కొసరు. వెయ్యండి."

బావ ఆవిడ ముఖంలోకి చూశాడు. గరిటె తీసుకుని, నిండా ముంచి, పోశాడు. అక్క చెయ్యి వదిలేసి మెట్టు దిగి, నీడలోకి వెళ్లి కూర్చుంది. మిగతా వాయిలన్నీ ఆయన ఒక్కడే పోశాడు. నేను మొదటి చక్రం తిప్పినప్పుడు ఊపిరి బిగబట్టి కిందికి చూశాను. మిశ్రమం అణిగి, కూర్చుంది.

మొన్నటి ఎండాకాలంతో ఆ రోడ్డుకి ఏడాది దాటింది. షెడ్డు ఉంది, ల్యాబమ్మాయి ల్యాబులోనే ఉంది, పంపు కొంటానని మేనేజరు ఇంకా అంటూనే ఉన్నాడు. ఆదివారం మిట్టమధ్యాహ్నం, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, బావ తన పాత మోటారుసైకిల్ తీసుకెళ్లి ఆస్పత్రి గేటు ముందు స్టాండు వేసి, కాసేపు ఆగి, వంగి చూసి వస్తాడు. వెనక అక్క కూర్చుని ఉంటుంది. ఈ ఎండలో ఈ చాదస్తమేంటని దారిపొడుగునా సణుగుతుందట. బండి దిగగానే మాత్రం తన మడమతో కూడా ఒకసారి నొక్కి చూస్తుందని బావ నాకు రహస్యంగా చెప్పాడు.